చలనచిత్రములను సంక్షేపించు విద్య

నేడు మనము చేతిఫోనులయందు చూచు చలనచిత్రములు గాలిలో తేలివచ్చినట్లు తోచును. కాని వాని వెనుక గొప్ప గణితకృషి గలదు.

యంత్రమునకు చిత్రమనగా అంకెల పట్టిక మాత్రమే. ఒక పెద్ద చిత్రమున అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వన్నెల అంకెలు కావలెను. సెకండునకు 25 చిత్రముల చొప్పున చూపవలెనన్నచో, 15 కోట్ల 55 లక్షల అంకెలను పంపవలసియుండును. ఇంత భారమును ఇంటింటికి చేర్చుట దుస్సాధ్యము.

ఈ చిక్కును విడదీసినవారిలో మన దేశీయులు ముఖ్యులు. బెంగుళూరున జన్మించిన నసీర్ అహ్మద్ గారు అమెరికాలోని కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఆచార్యులైయుండి, 1972లో ఒక నూతన పద్ధతిని శోధించుటకు ద్రవ్యసహాయము కోరిరి. అది మరీ సులభమైన యూహయని పరిశీలకులు తలచుటచే సహాయము లభింపలేదు. ఆయన వెనుదీయక 1973 వేసవిలో జీతము లేకయే పనిచేసిరి. టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు గార్లతో కలసి 1974 జనవరిలో దానిని ప్రకటించిరి. రావుగారు మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1966 మొదలు ఆర్లింగ్టనునందలి టెక్సాస్ విశ్వవిద్యాలయమున బోధించి, 2021లో దివంగతులైరి.

ఈ పద్ధతికి వివిక్త కొసైను పరివర్తనమని పేరు. చిత్రమును ప్రక్కకు 8, నిలువునకు 8 చుక్కలుగల చదరములుగా విభజింతురు. ఆకాశము, గోడ మొదలగు చోట్ల ప్రక్కప్రక్క చుక్కలు ఇంచుమించు ఒకే వన్నెగా నుండును. కావున ఆ 64 అంకెలను కొసైను తరంగములుగా మార్చినచో, సారమంతయు మొదటి కొన్నిటిలోనే చేరును. మిగిలిన సూక్ష్మతరంగముల లోపమును కన్ను అంతగా గుర్తింపజాలదు గనుక వానిలో పెక్కింటిని విడువవచ్చును.

మరియొక యుక్తి గలదు. గోడయెదుట బాలుడొకడు పరుగెత్తుచుండగా, కదలని గోడను మరల మరల పంపనేల? ఏ చదరము ఎటు జరిగెనో తెలిపిన చాలును. 1993లో వెలువడిన ఎంపెగ్ ప్రమాణము ఈ రెండు యుక్తులపైనను నిలిచియున్నది. కదలికను గుర్తించు నేర్పు యంత్రదృష్టి విద్యకును ఒక మెట్టు. దారి దాటు మనుష్యుని, ఎదురువచ్చు బండిని యంత్రము కనిపెట్టుటకు ఇట్టి లెక్కలు తోడ్పడును.

విద్యార్థులారా! మన ముషీరాబాదునకు చేరువను, తార్నాకయొద్ద, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున్నది. మీలో కొందరచట ఇట్టి శాస్త్రములను అభ్యసింపగలరు. త్రికోణమితి నేర్చునపుడు కొసైను దేనికని విసుగుకొనకుడు. సులభమని త్రోసివేయబడిన యూహయే నేడు లోకమునకు చిత్రములను చేరవేయుచున్నది.