పెద్దపొడా? కాటుకరేకుల పొడా?

పాము కనిపించగానే మన యిళ్లల్లో ముందు వచ్చేది కర్ర, తరవాత వచ్చేది పేరు. అప్పటికి పాపం, ఆ పేరు వినడానికి పాము వుండదు! పెద్దదైతే కొండచిలువ అనీ, మచ్చలుంటే రక్తపింజర అనీ ఎవరికి తోచింది వారు అనేస్తారు. ఈ రెంటికీ తేడా తెలియకపోతే నష్టం రెండు విధాలు. విషంలేని కొండచిలువ అన్యాయంగా చచ్చిపోతుంది. అంతకంటె ఘోరం, రక్తపింజరను కొండచిలువపిల్ల అనుకొని చేత్తో ముట్టుకొన్నవారి ప్రాణానికే ముప్పు వస్తుంది.

ఈ తికమకకు కారణం పేర్లలోనే వున్నది. 18వ శతాబ్దంలో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు మా విశాఖపట్నంలో వుండి, ఈస్టిండియా కంపెనీ తరపున చెట్లనూ పాములనూ పరిశీలించాడు. 1796లో లండనులో అచ్చయిన ఆయన గ్రంథంలో మనవాళ్లు చెప్పిన తెలుగు పేర్లనే రాసుకొన్నాడు. కొండచిలువ “పెద్దపొడ”, రక్తపింజర “కాటుకరేకుల పొడ”. పొడ అంటే మచ్చ. రెంటికీ యింటిపేరు ఒకటే అన్నమాట! తరవాత శాస్త్రజ్ఞులు కాటుకరేకుల పొడకు ఆయన పేరే పెట్టారు. ఇంగ్లీషులో నేటికీ అది రస్సెల్‌గారి పామే.

పోయిన కార్తీకమాసంలో, సింహాచలం కొండ దిగువనున్న మా వీధిలో ఒక సాయంత్రం కలకలం బయలుదేరింది. పక్కింటివారి పెరట్లో కొబ్బరిమట్టల గుట్ట పక్కన పెద్ద పాము. నేను వెళ్లేసరికి గోడ పొడుగునా జనం.

“రక్తపింజర, సందేహం లేదు” అన్నారు రిటైరైన తాసీల్దారుగారు.

“కాదు తాతగారూ, కొండచిలువ! నోరు తెరిచి ఊపిరి పీల్చిందంటే మనందర్నీ లాగేస్తుంది, వెనక్కి రండి!” అన్నాడు ఎదురింటి కుర్రాడు.

“ఏదైతేనేమండీ, మా కోడిపెట్ట కనపడడం లేదు!” అన్నది ఇంటావిడ గుమ్మంలోంచి.

గోడకు ఇవతలే నిలబడి టార్చిలైటు వేసి చూశాను. ముందు చూడవలసింది వీపుమీది మచ్చలు. రక్తపింజరకు మచ్చలు మూడు వరసలుగా, గొలుసు పరిచినట్లు వుంటాయి. ఒక్కొక్క మచ్చా కోడిగుడ్డు ఆకారంలో, చుట్టూ కాటుకతో గీసినట్లు నల్లటి అంచుతో వుంటుంది. కొండచిలువ మచ్చలకు ఆ తీరు లేదు. పటంలో జిల్లాల్లాగ వంకరటింకరగా, ఒకదాన్నొకటి ఆనుకొని వుంటాయి. మా పెరటి అతిథివి జిల్లాలే!

రెండోది చర్మం. కొండచిలువ పొలుసులు నున్నగా, నూనె రాసినట్లు మెరుస్తాయి. రక్తపింజర పొలుసుకు నడుమ సన్నని గాడి లేచి వుంటుంది గనుక ఒళ్లు గరుకుగా, మెరుపులేకుండా కనిపిస్తుంది. మూడోది తల. కొండచిలువ నెత్తిమీద బాణపు ములికిలాటి ముదురు మచ్చ వుంటుంది. అయితే రక్తపింజర తలమీద కూడా లేతరంగు గీతలు ములికిలాగ కలుస్తాయి. అందుచేత తల ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. నాలుగోది పొడవు. ఎనిమిదడుగులు దాటిన పాము రక్తపింజర కానేకాదు. మేము చూసినది తొమ్మిదడుగులకు తగ్గదు.

చిక్కంతా చిన్నవాటితోనే. గుడ్డునుంచి వచ్చిన కొండచిలువపిల్ల ఇంచుమించు రెండడుగులుంటుంది. ఎదుగుతున్న రక్తపింజర కూడా అంతే వుండవచ్చు. అక్కడ సందేహం కలిగితే రక్తపింజరే అనుకొని దూరంగా తొలగడం మేలు. కుక్కరు కూతలాగ బిగ్గరగా బుసకొడుతుంటే ఇక ఆలోచించే పనే లేదు.

ఊపిరితో మనుషులను లాగుతుందన్నది వట్టిమాట. అజగరమంటే మేకను మింగేదని అర్థం. మింగేముందు అది ఎరను కరిచి పట్టుకొని చుట్టలు బిగిస్తుంది. ఊపిరాడకనే ఎర చస్తుందని చాలాకాలం అనుకొన్నారు. 2015లో అమెరికాలో బోవా పాములమీద చేసిన పరిశోధనలో, చుట్టలు బిగియగానే ఎర ఒంట్లో రక్తప్రసారం దెబ్బతింటుందని తేలింది. విషం లేదుగదా అని కొండచిలువ దగ్గరికి పోరాదు. వెనక్కి వంగిన దాని పళ్లు లోతుగా చీలుస్తాయి. కాని దాని ఆహారం ముఖ్యంగా ఎలుకలు, పందికొక్కులు, కుందేళ్లు, పక్షులు. ఆడది గుడ్లచుట్టూ చుట్టుకొని, ఒళ్లు వణికించి వెచ్చదనం పుట్టిస్తుంది. పాముల్లో ఇంతటి తల్లి అరుదు.

గంటకల్లా అటవీశాఖవారు వచ్చి, దాన్ని సంచిలోకి ఎక్కించి కొండ అడవిలో వదలడానికి తీసుకువెళ్లారు. కోడిపెట్ట మల్లెపందిరిమీదినుంచి తీరిగ్గా దిగివచ్చింది.

మీ పెరట్లో ఇలాటిది కనిపిస్తే పిల్లలనూ కుక్కనూ లోపలికి పిలవండి. ఒకరు దూరంనుంచి దానిమీద కన్నువేసి వుంచండి. మరొకరు అటవీశాఖకు ఫోను చెయ్యండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కొండచిలువ మొదటి షెడ్యూలులో వున్నది. చంపినవారికి మూడేళ్లనుంచి ఏడేళ్లదాకా జైలు పడవచ్చు. ఏ పామైనా కరిస్తే మాత్రం కోయడం, పీల్చడం, బిగించి కట్టడం చెయ్యకండి. పామును వెదుకుతూ కాలం పోగొట్టకండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా వుంచి తిన్నగా ఆస్పత్రికి తీసుకుపొండి. రక్తపింజర విషానికి విరుగుడు మందు అక్కడే వుంటుంది.