భూగర్భ జలాలు: బావిలో రీడింగ్ ఒక్కటే.. లెక్కలు మాత్రం రెండు! ఎందుకిలా?

కొత్త బోరుకు అనుమతి దొరుకుతుందా, లేదా? మీ ఊళ్లో ఏడాదికి భూమిలోకి ఎంత నీరు దిగుతోంది, ఎంత తోడుతున్నారు అన్న లెక్కే ఇందులో కీలకం. తోడే నీటిని బోర్లు, కరెంటు వాడకాన్ని బట్టి ఓ అంచనాకు తేవచ్చు. అసలు చిక్కంతా లోపలికి దిగే నీటితోనే. అది కంటికి కనిపించదు, మీటరూ ఉండదు.

ఎలా లెక్కిస్తారు?

వానాకాలానికి ముందు, తర్వాత బావుల్లో నీటిమట్టం కొలుస్తారు. ఎంత పెరిగిందో చూసి, దాన్ని 'స్పెసిఫిక్ యీల్డ్'తో గుణిస్తారు. అంటే రాతి పొరలో నీరు నిలిచి, తోడితే బయటికొచ్చే ఖాళీ శాతం అన్నమాట. తెలంగాణ, రాయలసీమల్లో ఎక్కువగా ఉన్న గ్రానైట్ నేలల్లో ఇది చాలా తక్కువ. మట్టి కలిసిన శిథిల గ్రానైట్‌కు కేంద్ర మార్గదర్శకాల్లో 1 నుంచి 2 శాతం అని ఉంది.

1, 2 మధ్య తేడా ఎంత?

చిన్న లెక్క చూద్దాం. చదరపు కిలోమీటరు విస్తీర్ణంలో నీటిమట్టం 4 మీటర్లు పెరిగింది. 1 శాతం వేస్తే చేరిన నీరు 4 కోట్ల లీటర్లు. 2 శాతం వేస్తే 8 కోట్లు. అక్కడి రైతులు ఏడాదికి 6 కోట్ల లీటర్లు తోడుతున్నారనుకుందాం. మొదటి లెక్కలో వాడకం 150 శాతం.. 100 దాటింది కాబట్టి 'ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్'. రెండో లెక్కలో 75 శాతమే.. 'సెమీ క్రిటికల్'. ఊరు అదే, బావి అదే! కానీ మొదటి జాబితాలో పడితే 2002 నాటి వాల్టా చట్టం కింద కొత్త బోర్లపై ఆంక్షలు తప్పవు.

కంప్యూటర్ మోడల్ తేల్చేయదా?

అంత ఈజీ కాదు. చిల్లు ఉన్న తొట్టినే తీసుకోండి. పైనుంచి సన్నధార, కింద చిన్న చిల్లు.. నీరు ఒక మట్టంలో నిలుస్తుంది. ధార పెంచి, చిల్లునూ పెద్దది చేస్తే మళ్లీ అదే మట్టం! మోడల్‌లోనూ ఇంతే. దిగే నీటిని ఎక్కువగా, రాతిలో నీరు పారే వేగాన్నీ ఎక్కువగా తీసుకున్నా బావుల రీడింగ్‌లు సరిపోతాయి. అందుకే రీడింగ్ కలిసినంత మాత్రాన మోడల్ కరెక్ట్ అనలేం. రేపు బోర్లు పెరిగితే ఏమవుతుందని అడిగితే మాత్రం రెండు మోడళ్లూ రెండు జవాబులిస్తాయి.

మరి దారేంటి?

హైదరాబాద్ దగ్గర మహేశ్వరంలో శాస్త్రవేత్తలు దీనికో ఉపాయం వాడారు. వాన లేని ఎండాకాలంలో ఎంత తోడితే మట్టం ఎంత పడిందో చూసి, ముందు స్పెసిఫిక్ యీల్డ్ రాబట్టారు. అది సుమారు 1.4 శాతంగా తేలింది. ఆ తర్వాతే వానాకాలపు లెక్క కట్టారు. నేలలో ట్రిటియం పెట్టి నీరు ఎంత లోతుకు దిగిందో చూసే పద్ధతి కూడా ఉంది.

అన్ని ఊళ్లలో ఇలా కొలవడం ఖర్చుతో కూడిన పని. కనీసం ఒకే అంకె కాకుండా 'ఇంత నుంచి ఇంత' అని చెబితే, తక్కువ అంచనాను నమ్ముకుని పంట వేసుకోవచ్చు. లెక్క తప్పితే ఎండేది కాగితం కాదు, బోరే!