హాస్టలుకు వెళ్లే పిల్లలకు నెల రోజుల ఆరోగ్య సన్నాహం

ఇంటర్మీడియట్ ముగించి పై చదువులకు బయలుదేరే పిల్లల కొరకు మన ఇళ్లలో సన్నాహాలు ఘనంగానే జరుగుతాయి. మా రాయికల్ నుండి హైదరాబాదులోని ఉస్మానియాకో, వరంగల్లులోని కాకతీయకో, కరీంనగరంలోని శాతవాహనకో వెళ్లే విద్యార్థికి పెట్టె, పరుపు, సకినాలు, పచ్చళ్లు సిద్ధమవుతాయి. శరీరాన్ని సిద్ధం చేసే సంగతి మాత్రం ఎవరికీ తోచదు.

తండ్రి గల్ఫ్ నుండి పంపే సొమ్ముతో చదువుకొనే పిల్లలు మా ప్రాంతంలో ఎందరో ఉన్నారు. మొదటి సెమిస్టరులోనే కడుపునొప్పి, మలబద్ధకం, నిద్రలేమితో ఇల్లు చేరి, హాజరు చాలక పరీక్షకు దూరమైనవారిని నేను చూశాను. ఇందులో చాలాభాగం నివారించదగినదే.

సాత్మ్యం అంటే ఏమిటి?

చిరకాలం అలవాటైన ఆహార విహారాలు శరీరానికి ఇముడుతాయి. దీనినే ఆయుర్వేదం సాత్మ్యం అంటుంది. అలవాటును ఒక్కసారిగా మార్చరాదనీ, నాలుగో వంతు చొప్పున, నడుమ కొన్ని దినాల విరామమిస్తూ మార్చవలెననీ చరక సంహిత సూత్రస్థానం 7వ అధ్యాయం బోధిస్తున్నది. దీనికి పాదాంశిక క్రమమని పేరు.

ఈ సూత్రాన్ని ఇంటిలో సులభంగా ఆచరించవచ్చు. సెలవులలో ఎనిమిదింటికి లేచే పిల్లలు ప్రయాణానికి నాలుగు వారాల ముందు నుండి వారానికి అరగంట చొప్పున ముందుగా లేస్తే, చివరికి ఆరింటికి లేవడం అలవాటవుతుంది. నిద్రపోయే వేళను కూడా అలాగే జరపాలి. హాస్టలు మెస్సు వేళలు ముందే తెలుసుకొని, భోజనాన్ని క్రమంగా ఆ వేళలకు మార్చాలి. జొన్నరొట్టె, గట్కకు అలవాటుపడినవారికి మూడు పూటలా మెస్సు తిండి కొత్త. కనుక వారంలో కొన్ని పూటలు ఇంట్లోనే ఇడ్లీ, ఉప్మా, సాంబారన్నం పెట్టడం మంచిది.

వేగాలను ఆపరాదు

అదే అధ్యాయం మలమూత్రాలు, ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీరు మొదలైన 13 వేగాలను బలవంతంగా ఆపరాదని హెచ్చరిస్తున్నది. హాస్టలులో ఉదయం స్నానపు గదుల వద్ద వరుస ఉంటుంది. వరుసకు వెరచి నీరు తాగడం మానివేసే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, మూత్రంలో మంట తెచ్చుకొంటారు. మలవేగాన్ని ఆపితే మలబద్ధకం కలుగుతుంది. అందరికంటే అరగంట ముందు లేవడమే దీనికి మందు. ఇల్లు తలచుకొని కన్నీరు వస్తే అదీ అణచుకోరాదు. ‘ఏడవకు’ అని కసరక, ఫోనులో తల్లి కాసేపు ఓపికగా వినడం మేలు.

వానాకాలపు జాగ్రత్త

తరగతులు సాధారణంగా వానాకాలంలో మొదలవుతాయి. ఈ ఋతువులో జఠరాగ్ని మందగిస్తుంది, నీరు కలుషితమవుతుంది. కాచి చల్లార్చిన నీరు, వేడి భోజనం శ్రేయస్కరం.

వెంట పంపదగినవి:

1. శొంఠి పొడి: మొదటి ముద్దలో చిటికెడు, నేతితో. అజీర్తికి మంచిది. కడుపులో మంట ఉన్నవారు వాడరాదు.
2. వాము, సైంధవ లవణం: కడుపుబ్బరానికి చిటికెడు, గోరువెచ్చని నీటితో.
3. ఎండుద్రాక్ష: మలబద్ధకానికి రాత్రి పది నానబెట్టి ఉదయం తినాలి.
4. ఓఆర్‌ఎస్ పొట్లాలు: విరేచనాలైనపుడు. దోమతెర కూడా మరువరాదు.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

జ్వరం రెండు దినాలు దాటినా, మలంలో రక్తం కనిపించినా, మూత్రంలో మంటతో చలిజ్వరం వచ్చినా చిట్కాలతో కాలయాపన చేయరాదు. డెంగీ, టైఫాయిడ్ వంటివాటికి రక్తపరీక్ష అవసరం. రెండు వారాలు గడచినా దిగులు తగ్గక నిద్రాహారాలు మానితే అది కూడా వ్యాధిగానే ఎంచి వైద్యునికి చూపాలి. ప్రభుత్వ టెలీమానస్ సేవ 14416 నంబరుపై ఉచితంగా, తెలుగులో లభిస్తుంది. ఆ నంబరును, హాస్టలుకు సమీపంలోని ఆసుపత్రి పేరును ఒక కాగితంపై వ్రాసి మందుల డబ్బాలో ఉంచి పంపండి.