బండి స్టార్ట్ కాకపోతే ముందు ఇంట్లోనే చూద్దాం

కారు రిపేరులో రెండు పనులున్నాయి: జబ్బేమిటో పట్టుకోవడం, దాన్ని బాగుచేయడం. రెండోదానికి షోరూంకు వెళ్లక తప్పకపోవచ్చు. మొదటిది మాత్రం చాలావరకు ఇంటి ముందే చేసుకోవచ్చని, చేసుకోవాలని నా గట్టి నమ్మకం.

తాళం తిప్పితే టిక్కుటిక్కుమని ఊరుకుంటుందనుకోండి. బ్యాటరీ పోయిందని మార్చేయకండి. మామూలు మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 దగ్గరుంటే సగమే. ఇప్పుడు ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని మీటరు చూడండి. పది కంటే బాగా కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించాలి. పన్నెండు దగ్గరే నిలబడి, ఇంజన్ తిరగకపోతే టెర్మినళ్లో, సెల్ఫ్ మోటారో. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా బూజులా పేరుకుని ఉంటే వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి బిగిస్తే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. ఈ వరస తప్పితే స్పానర్ బాడీకి తగిలి షార్ట్ కావచ్చు. బండి స్టార్ట్ అయ్యాక 14 వోల్టుల చుట్టూ రాకపోతే ఆల్టర్నేటర్ వైపు చూడాలి. కొన్ని కొత్త మోడళ్లలో ఈ అంకె అవసరాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఒక్క రీడింగుతోనే తీర్పు చెప్పకూడదు.

ఇక మీటర్ బోర్డులో వెలిగే ఇంజన్ లైటు. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కార్లకు ఓబీడీ-2, అంటే లోపాన్ని బండే కనిపెట్టి కోడ్‌గా రాసుకునే ఏర్పాటు, తప్పనిసరైంది. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. బ్లూటూత్ స్కానర్ పెడితే కోడ్ ఫోనులో కనిపిస్తుంది. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. పి0171 అంటే ఇంజన్‌లోకి వెళ్లే మిశ్రమంలో పెట్రోలు తక్కువై, గాలి ఎక్కువైందని. అది కనిపెట్టి చెప్పింది ఆక్సిజన్ సెన్సర్. సెన్సర్‌ను మార్చేయడమంటే కబురు తెచ్చినవాణ్ణి కొట్టడమే. పగిలిన వ్యాక్యూమ్ పైపు, మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్, నీరసించిన ఫ్యూయల్ పంపు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. కోడ్‌ను తొందరపడి చెరిపేయకండి. లోపం వచ్చిన క్షణంలో ఇంజన్ వేడి, వేగం ఎంతున్నాయో కంప్యూటర్ రాసిపెట్టుకుంటుంది. చెరిపితే ఆ రికార్డూ పోతుంది, మెకానిక్‌కు ఉపయోగపడేది అదే.

ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, హైబ్రిడ్ బండ్లలో నారింజ రంగు వైర్లు: వీటి జోలికి మాత్రం వెళ్లొద్దు, ప్రాణాపాయం. వారంటీ ఉన్నంతకాలం ఏదీ విప్పకండి. రీకాల్ ఉందేమో చాసిస్ నంబరుతో కంపెనీ సైటులో చూసుకోండి, ఉంటే ఉచితంగానే చేసిస్తారు.

సర్వీస్ సెంటర్‌లో "బ్యాటరీ మార్చండి" అని చెప్పకండి. "చలిలో పొద్దున మాత్రమే స్టార్ట్ కావట్లేదు, సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంత వోల్టేజి వస్తోంది" అని జాబ్ కార్డులో రాయించండి. డబ్బు కట్టి మార్పించిన పార్టయితే పాతది వెనక్కి కావాలని కూడా అందులోనే రాయించండి.