ఒకసారి కదిలి, ఒకసారి మొండికేయు పికప్ బండి

మదనపల్లె మార్కెట్టుకు టమాట తోలు రైతుకు తెల్లవారుజామున బండి కదలనిచో కలుగు నష్టము ఇంతంత కాదు. కోసిన కాయ ఆగదు. వేళ మించిన సరుకుకు ధర పలుకదు. పూర్తిగా చెడిన బండిని బాగుచేయుట తేలిక. అప్పుడప్పుడు మాత్రమే మొండికేయు పాత డీజిల్ బండి మెకానిక్కు ఎదుట చక్కగా స్టార్టగును. కనుక లోపము కనబడిన క్షణముననే దానిని పట్టుకొనవలెను. తెలియక భాగములు మార్చరాదు.

బండిని న్యూట్రల్‌లో నుంచి, చేతిబ్రేకు వేసి, హెడ్‌లైట్లు వెలిగించి తాళము త్రిప్పుడు.

1. లైట్లు బాగా మసకబారి, సెల్ఫు బరువుగా తిరిగినను, టకటకమని ఆగినను, ముందు బ్యాటరీని చూడుడు. రాత్రంతా నిలిచిన 12 వోల్టుల బ్యాటరీ మీటరుపై 12.6 చూపిన నిండుగా నున్నట్లు, 12.2 చూపిన సుమారు సగమే. సెల్ఫు తిరుగునప్పుడు 9.6 కంటె దిగరాదు. పిమ్మట మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కు, రెండవ కొనను ఇంజను ఇనుముకు ఆనించి తాళము త్రిప్పించుడు. అర వోల్టు దాటినచో ఎర్తు తీగలో లోపమున్నది. నెగటివ్ తీగను ముందు విప్పి, తుప్పును గరుకు కాగితముతో రుద్ది, గట్టిగా బిగించుడు.

2. లైట్లు తగ్గక, సెల్ఫు ఉలకక పలకక యున్నచో, సెల్ఫు సోలినాయిడ్‌కు పోవు సన్నతీగకు టెస్టు లాంపు తగిలించి తాళము త్రిప్పుడు. లాంపు వెలగనిచో తప్పు తాళపు స్విచ్చి, రిలే, తీగల వైపు నున్నది. వెలిగి, ఎర్తు కూడ బాగున్నచో తప్పు సెల్ఫుదే. ఇంజను వేడెక్కినప్పుడే ఇట్లు జరుగుట సోలినాయిడ్, బ్రష్షులు అరిగిన గుర్తు.

3. సెల్ఫు చురుకుగా తిరిగియు ఇంజను అందుకొననిచో డీజిల్ అందకపోవుచుండవచ్చును. రాత్రి నిలిపిన తరువాతనే ఇట్లు జరిగినచో గొట్టముల అతుకులలో గాలి చొరబడుచుండవచ్చును. ఫిల్టరుపై బ్లీడింగ్ స్క్రూ వదులుచేసి, నురుగు పోయి డీజిల్ ధారగా వచ్చువరకు చేతిపంపు నొక్కుడు. అతుకు బిగించనిదే ఈ చిక్కు మరల వచ్చును.

సెల్ఫును ఒక్కమారు పది సెకండ్లకు మించి త్రిప్పరాదు. స్క్రూడ్రైవరుతో సెల్ఫు టెర్మినళ్లను కలుపరాదు. గేరులోనున్న బండి ముందుకురికి ప్రాణము తీయగలదు.

బండి ఆగిన ప్రతిసారి వేళ, వేడి, వాన, లైట్ల తీరు, విన్న శబ్దము ఒక చీటీపై వ్రాసియుంచుడు. ఆ చీటీ చేతనున్న మెకానిక్కు ఊహమీద సామాను మార్చనవసరముండదు. రైతు సొమ్ము వృథాగా పోదు.