బిడ్డ తలకు దెబ్బ తగిలినపుడు

మంచముమీదనుండియో, అరుగుమీదనుండియో ఒక్కసారియైనను పడకుండ పెరిగిన బిడ్డ అరుదు. శరీరముతో పోల్చినచో శిశువు తల పెద్దది. పుట్టినపుడు పొడవులో సుమారు నాలుగవ వంతు తలయే. మెడకు బలము చాలదు. కావున పడినపుడు తలకే తరచు దెబ్బ తగులును.

దెబ్బ తగిలినంతనే ఇంటిల్లిపాదియు బొప్పిని చూతురు. తలపై చర్మములో రక్తనాళములు మెండు. చిన్న దెబ్బకే పెద్ద బొప్పి కట్టవచ్చును. బొప్పి చిన్నదైనను లోపల గాయముండవచ్చును. కపాలమునకును, మెదడును కప్పిన పొరకును నడుమ రక్తము మెల్లగా చేరుచుండగా, బిడ్డ కొంతసేపు బాగుగనే ఆడుకొని పిమ్మట మగతలో పడుట కలదు. అందుచేత మేము తల్లిదండ్రులకు చెప్పునది ఒక్కటే: బొప్పిని మాత్రమే గాక బిడ్డను చూడవలెను.

స్పృహ తప్పుట, మాటిమాటికి వాంతులగుట, మూర్ఛ వచ్చుట, లేపినను తెలివి రాని మగత, నడకలో తూలుట, మాట తడబడుట, కంటిపాపలలో ఒకటి పెద్దదగుట, చెవినుండిగాని ముక్కునుండిగాని రక్తమో నీరువంటి ద్రవమో కారుట - వీనిలో ఏ ఒక్కటి కనిపించినను తత్‌క్షణమే ఆసుపత్రికి చేర్పవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో 108కి ఫోను చేసినచో అంబులెన్సు వచ్చును.

మాటలు రాని పసిపాప తలనొప్పియని చెప్పలేదు. పాలు త్రాగకుండుట, ఎత్తుకొన్నను ఏడుపు మానకుండుట, ఏడువనపుడును నడినెత్తి మాడు ఉబ్బియుండుట - ఇవియే దాని మాటలు. ఏడాది నిండని బిడ్డను, ఏ లక్షణమును లేకున్నను, వైద్యునకు చూపుట మేలు.

బొప్పిని రుద్దరాదు. చల్లని నీట తడిపిన గుడ్డను 10 నిమిషములు అద్దవలెను. నెత్తురు కారుచున్నచో శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టవలెను. ఎముక క్రుంగినట్లు తోచినచో అచట అదుమరాదు. గాయములో పసుపు, కాఫీపొడి కూరరాదు. మగతగానున్న బిడ్డ నోట నీరు పోయరాదు. ఎత్తునుండి పడి మెడ నొప్పి యన్నచో కదలింపక సాయమునకై వేచియుండవలెను. తెలివిగానున్న బిడ్డ వేళకు నిద్రపోయినచో భయము లేదు. కాని తొలి 24 గంటలును పెద్దలొకరు కనిపెట్టియుండవలెను.

తుదిమాట యొకటి. బిడ్డ పడినపుడు ఎవరి అజాగ్రత్తయని ఇంట విచారణ మొదలగును. నిందకు వెఱచి కొందఱు పడిన సంగతియే దాచుదురు. ఎంత ఎత్తునుండి, ఎట్టి నేలపై, ఏ వేళ పడెనో, ఎన్నిమార్లు వాంతి యయ్యెనో వైద్యునకు తెలియవలెను. దిష్టి తీయుదురుగాక, కాని నిజము దాచరాదు. దాచిన గంటలో బిడ్డ ప్రాణమే చిక్కుకొనవచ్చును.