వేల్పూరు కోళ్ల వైరస్‌ను పట్టుకునేదెలా?

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో కోళ్లు చనిపోయాయి. భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల అది బర్డ్ ఫ్లూ అని తేల్చింది.

కంటికి కనిపించని వైరస్ ఎలా దొరుకుతుంది? జన్యువుల్ని వెతకడం ఒక దారి. మోనోక్లోనల్ యాంటీబాడీలతో దాని ప్రోటీన్‌ను పట్టుకోవడం ఇంకో దారి.

ఒంట్లో పుట్టే యాంటీబాడీలు రకరకాలు. ఒక్కోటి వైరస్‌పై ఒక్కోచోట అతుక్కుంటుంది. 1975లో కేంబ్రిడ్జ్‌లో శాస్త్రవేత్తలు కోహ్లర్, మిల్‌స్టైన్ చిట్టెలుక యాంటీబాడీ కణాన్ని ఆగకుండా పెరిగే క్యాన్సర్ కణంతో కలిపేశారు. ఆ కణం సంతతి అంతా ఒకే రకం యాంటీబాడీని ఎడతెగకుండా తయారుచేసింది. అదే మోనోక్లోనల్ యాంటీబాడీ. ఎంత గొప్ప ఆలోచన! 1984లో వాళ్లకు నోబెల్ వచ్చింది.

కోడి గొంతు నమూనాను పరీక్ష పట్టీపై వేస్తే, రంగు అంటించిన యాంటీబాడీలు ఫ్లూ ప్రోటీన్‌ను పట్టుకుని గీతగా కనిపిస్తాయి. మామూలు పట్టీపై ఆ గీత ‘ఇన్‌ఫ్లుయెంజా-ఎ’ ఉందని మాత్రమే చెబుతుంది. అది బర్డ్ ఫ్లూ తెచ్చే హెచ్5ఎన్1 రకం అవునో కాదో తేలాలంటే జన్యు పరీక్ష లాంటి మరో పరీక్ష చేయాలి.